ఆల్‌స్టార్ విరామం తర్వాత ఎవరు ఎలా ఆడతారు: ఏ అంచనా పద్ధతిని దేనికి వాడాలి

జులై మధ్యలో ఆల్‌స్టార్ విరామం (లీగులోని మేటి ఆటగాళ్ల ప్రదర్శన ఆట కోసం ఇచ్చే కొద్ది రోజుల సెలవు) వచ్చేసరికి అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లు 162 ఆటల్లో ఇంచుమించు 95 ఆడేసి ఉంటాయి. మిగిలేవి 65 నుంచి 70. పేరుకు రెండో సగమే గానీ లెక్కకు అది సీజన్‌లో నలభై శాతం. ఫాంటసీ లీగు (నిజం ఆటగాళ్లతో కాగితం మీద జట్టు కట్టి, వాళ్ల అంకెలతో పోటీపడే ఆట) ఆడేవాళ్లకు అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఎవరిని అట్టిపెట్టుకోవాలి, ఎవరిని మంచి ధర పలుకుతుండగానే వదిలించుకోవాలి, మొదటి సగమంతా తడబడినవాడిని ఇప్పుడు చవగ్గా పట్టుకోవచ్చా అనేవే ప్రశ్నలు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆఫీసు లీగులో చేరిన తెలుగువాళ్లకు ఇక్కడ ఒక అదనపు చిక్కుంది. క్రికెట్ సగటుకు అలవాటుపడిన కన్ను బేస్‌బాల్ బ్యాటింగ్ సగటును కూడా అంత నమ్మకంగానే చూస్తుంది. బేస్‌బాల్‌లో .300 అంటే పది ఎట్‌బ్యాట్లకు (సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులకు) మూడు హిట్లు (కొట్టి బేస్ చేరడాలు), అంతే. హిట్టుకూ క్యాచ్‌కూ మధ్య తేడా చాలాసార్లు ఫీల్డర్ నిలబడ్డ చోటు మీద ఆధారపడుతుంది కాబట్టి ఆ అంకె సగం సీజన్‌లో విపరీతంగా ఊగుతుంది.

తేల్చాల్సింది ముందే తేల్చేద్దాం. మిగిలిన సీజన్ కోసం రోజూ సవరించే ప్రొజెక్షన్లనే (గణిత నమూనాలు వేసే అంచనాలనే) పునాదిగా తీసుకోండి. మీ సొంత శ్రమను ఎవరికి ఎన్ని ఆటలు దొరుకుతాయి, ఎవరి ఒంట్లో నొప్పి ఉంది, ఎవరి పాత్ర మారింది అనే విషయాల మీద పెట్టండి. మిగతా పద్ధతులకు కూడా చోటుంది గానీ చాలా ఇరుకు.

ఇదే వేగం సాగితే

అందరూ మొదట చేసే లెక్క ఇది. విరామానికి 37 హోమ్ రన్‌లు (క్రికెట్ సిక్సర్లలా కంచె దాటే దెబ్బలు) కొట్టాడు, కాబట్టి మిగిలిన ఆటల్లో మరో పాతిక. 2013లో బాల్టిమోర్ ఆటగాడు క్రిస్ డేవిస్ విషయంలో ఈ లెక్క వేసి చూద్దాం. విరామానికి ఆయనవి 37. మిగిలిన 66 ఆటలకు అదే వేగమైతే 25 రావాలి. అంతకు ముందు ఏడాది, 2012లో, సీజన్ మొత్తానికి ఆయన కొట్టినవి 33. ఆ పాత వేగంతో 66 ఆటలకు లెక్కేస్తే 13. చివరికి వచ్చినవి 16, మొత్తం 53. తాజా వేగానికి తొమ్మిది తక్కువ, నిరుటి వేగానికి మూడు ఎక్కువ.

1969లో రెజ్జీ జాక్సన్ కూడా విరామానికి 37 కొట్టి, సీజన్‌ను 47తో ముగించాడు. 2023లో లూయిస్ అరాయెజ్ సగటు విరామానికి .383. .400 దాటతాడా అని దేశమంతా చర్చ. ముగించింది .354 దగ్గర. అంటే రెండో సగంలో ఆయన ఆడింది .310కి కాస్త పైన, 2022లో తెచ్చుకున్న .316కి దాదాపు సమానంగా.

ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. 2001లో బ్యారీ బాండ్స్ 39 దగ్గర విరామానికి వెళ్లి 73తో ముగించాడు. 2025లో కాల్ రాలీ 38 నుంచి 60కి చేరాడు. అయితే రాలీ రెండో సగంలో కొట్టిన 22 కూడా మొదటి సగం వేగం కంటే తక్కువే. అరవై కొట్టినవాడు సైతం కాస్త దిగివచ్చాడు.

ఎందుకిలా? విరామం నాటికి పట్టికలో పైన ఉన్నవాళ్లు ప్రతిభతో పాటు అదృష్టం కూడా కలిసొచ్చినవాళ్లు. ప్రతిభ మిగులుతుంది, అదృష్టం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. హోమ్ రన్ డెర్బీలో (విరామంలో జరిగే హోమ్ రన్‌ల పోటీలో) ఆడితే స్వింగ్ పాడవుతుందన్న నమ్మకం కూడా ఇందులోంచే పుట్టింది. 2005లో బాబీ అబ్రూ 18 హోమ్ రన్‌లతో విరామానికి వచ్చి, డెర్బీ గెలిచి, తర్వాత ఆరే కొట్టాడు. డెర్బీకి పిలిచేదే మొదటి సగంలో చెలరేగినవాళ్లను. వాళ్లలో ఎక్కువమంది కిందికి రావడానికి శాపమేదీ అక్కర్లేదు.

ఈ పద్ధతిని ఎక్కడ వాడొచ్చంటే స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులకు అవుటవడం) శాతం, వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా మొదటి బేస్ దక్కడం) శాతం లాంటి త్వరగా కుదురుకునే, అంటే తక్కువ ఆటతోనే నమ్మదగినవయ్యే వాటికి. బేస్‌బాల్ గణాంక పరిశోధకుడు రస్సెల్ కార్ల్‌టన్ లెక్కల ప్రకారం బ్యాటర్ స్ట్రైకౌట్ శాతం 60 ప్లేట్ అపియరెన్సుల్లో (బ్యాటింగుకు వచ్చిన మొత్తం సార్లలో), వాక్ శాతం 120లో, హోమ్ రన్ శాతం 170లో కుదురుకుంటాయి. ఆన్‌బేస్ శాతానికి (అవుటవకుండా బేస్ చేరిన శాతానికి) 460 కావాలి. బ్యాటింగ్ సగటుకు 910 ఎట్‌బ్యాట్లు, అంటే ఒక సీజన్ మొత్తం ఆడినా చాలదు. రోజూ ఆడేవాడికి విరామం నాటికి 380, 400 ప్లేట్ అపియరెన్సులు వస్తాయి. కాబట్టి ఒకడి స్ట్రైకౌట్ శాతం నిరుటి 28 నుంచి ఈ ఏడు 20కి పడిందంటే పట్టించుకోవాలి. సగటు .250 నుంచి .310కి పెరిగిందంటే మాత్రం అంత ఉలిక్కిపడనక్కర్లేదు.

చివరి నెల ఫామ్

వేగం లెక్క కంటే ఇది అధ్వాన్నం, కానీ దీనికే అభిమానులెక్కువ. నెల రోజులంటే 100, 110 ప్లేట్ అపియరెన్సులు. అంత చిన్న నమూనాలో సగటు .220 నుంచి .340 దాకా ఎటైనా పోవచ్చు, ఆటగాడు ఏమీ మారకుండానే.

ప్రొజెక్షన్లలో పాత ఫలితాల బరువును ఏడాదికి ఇంచుమించు 20 శాతం చొప్పున తగ్గించడం మామూలు. అదే రేటును నెలకు కుదిస్తే రెండు శాతం కూడా రాదు. అంటే జులైలో కొట్టిన హిట్టుకు జూన్ హిట్టు కంటే రెండు శాతమే ఎక్కువ విలువ. మనసు మాత్రం దానికి రెండింతలు ఇస్తుంది.

మరి చివరి నెల దేనికి చూడాలి? కారణం వెతకడానికి. పిచర్ (బంతి విసిరేవాడు) కొత్త రకం బంతి మొదలుపెట్టాడా, ఫాస్ట్‌బాల్ వేగం ఎంతుంది, బ్యాటర్‌ను లైనప్‌లో ఎక్కడ ఆడిస్తున్నారు, ఎడమచేతి పిచర్ వచ్చిన రోజు బెంచీ మీద కూర్చోబెడుతున్నారా. ఇవన్నీ చివరి మూడు నాలుగు వారాల్లోనే కనిపిస్తాయి. ఫలితాలను పక్కనపెట్టి వీటినే చూడండి.

సీజన్ ముందు అంచనాలు, ముట్టుకోకుండా

మార్చిలో వేసిన ప్రొజెక్షన్‌ను జులైలో అలాగే వాడటం మొండితనంలా కనిపిస్తుంది. అయినా మూడు నాలుగేళ్ల రికార్డున్న ఆటగాళ్ల మీద చూస్తే ఇది మొదటి సగం అంకెల కంటే రెండో సగానికి తరచూ దగ్గరగా వస్తుంది. డేవిస్, అరాయెజ్‌ల కథ అదే. మార్చి అంచనా వెనక 1,500 దాకా ప్లేట్ అపియరెన్సులుంటాయి, మొదటి సగం వెనక 400.

దీని లోపం కొత్తవాళ్ల దగ్గరా, నిజంగా మారినవాళ్ల దగ్గరా బయటపడుతుంది. 2010లో టొరంటో ఆటగాడు హోసే బటిస్టా విరామానికి 24 హోమ్ రన్‌లు కొట్టాడు. అంతకు ముందు ఏ సీజన్‌లోనూ అన్ని కొట్టనివాడు. మార్చి అంచనా పట్టుకు కూర్చున్నవాళ్లు అమ్మేశారు. ఆయన తర్వాత ఇంకో 30 కొట్టి 54తో ముగించాడు. అయితే అక్కడ కనిపించే కారణం ఉంది. 2009 చివర్లోనే స్వింగ్‌ను ముందుగా మొదలుపెట్టేలా, ముందుకాలు ఎత్తే తీరు మార్చుకున్నాడు. ఆ ఏడాది చివరి నెలలోనే పది కొట్టాడు.

కారణం కనబడితేనే పాత రికార్డు నుంచి దూరం జరగాలి. కనబడకపోతే పాత రికార్డే మాట్లాడనివ్వండి.

స్టాట్‌కాస్ట్ అంకెలు

2015 నుంచి అన్ని మేజర్ లీగ్ మైదానాల్లో స్టాట్‌కాస్ట్ అనే వ్యవస్థతో ప్రతి బంతినీ కొలుస్తున్నారు. బ్యాట్‌ను వదిలిన వేగం, లేచిన కోణం చూసి అలాంటి బంతులు మామూలుగా ఎంతసార్లు హిట్ అవుతాయో లెక్కగట్టి ఎక్స్‌బీఏ (రావాల్సిన బ్యాటింగ్ సగటు), ఎక్స్‌వోబా (రావాల్సిన వోబా) ఇస్తారు. వోబా అంటే వాక్, సింగిల్, డబుల్, హోమ్ రన్ ఒక్కోదానికి అది తెచ్చే పరుగుల విలువను బట్టి బరువు వేసి ఒకే అంకెగా చేసింది. లీగు సగటు .315 చుట్టూ ఉంటుంది.

వాడకం తేలిక. అసలు వోబా .290, ఎక్స్‌వోబా .340 ఉంటే దురదృష్టం ఉండొచ్చు. అటుదిటైతే అదృష్టం. బేస్‌బాల్ సావంట్ సైటులో రెండూ పక్కపక్కనే దొరుకుతాయి.

అయితే ఇక్కడ చాలామంది కాలు జారుతారు. ఎక్స్‌వోబా జరిగినదాన్ని మరింత శుభ్రంగా వర్ణిస్తుంది. జరగబోయేది చెప్పడానికి దాన్ని తయారుచేయలేదు. 400 ప్లేట్ అపియరెన్సుల ఎక్స్‌వోబాలో కూడా మంచి రోజులూ చెడ్డ రోజులూ కలిసే ఉంటాయి. దాన్ని కూడా పాత రికార్డు వైపు లాగాల్సిందే. పైగా కొందరి విషయంలో తేడా ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోతుంది. ఫౌల్ పోల్ (మైదానం పక్క హద్దు స్తంభం) వైపు ఎత్తుగా లాగి కొట్టేవాడికి తక్కువ వేగంతోనే హోమ్ రన్‌లు పడతాయి. లెక్కలో బంతి ఏ దిక్కుకు వెళ్లిందో ఉండదు కాబట్టి ఎక్స్‌వోబా అతణ్ని ఎప్పుడూ తక్కువగానే చూపిస్తుంది. అలాంటివాణ్ని ‘అదృష్టవంతుడు’ అని ప్రతి జులైలోనూ అమ్మేసి, ప్రతి సెప్టెంబరులోనూ చింతించేవాళ్లకు కొదవలేదు. గత రెండేళ్లలో కూడా తేడా ఇటే ఉందేమో చూసుకుంటే ఈ పొరపాటు తప్పుతుంది.

2024 నుంచి బ్యాట్ వేగం కూడా అందరికీ అందుబాటులోకి వచ్చింది. లీగు సగటు గంటకు 72 మైళ్ల దగ్గర. 75 దాటిన స్వింగును వేగవంతమైనదిగా లెక్కిస్తారు. ఇది ఫలితం మీద ఆధారపడదు, త్వరగా కుదురుకుంటుంది. ఒకడి బ్యాట్ వేగం నిరుటి కంటే రెండు మైళ్లు తగ్గితే నడుమో మణికట్టో నొప్పి ఉందేమోనని అనుమానించండి. గాయం వార్త కంటే ముందే అది అంకెల్లో కనిపించవచ్చు.

మిగిలిన సీజన్ ప్రొజెక్షన్లు

ఫ్యాన్‌గ్రాఫ్స్ సైటులో సీజన్ నడుస్తుండగానే రోజూ మారే అంచనాలు ఉంటాయి: డాన్ జింబోర్స్కీ జిప్స్, జారెడ్ క్రాస్ మొదలుపెట్టిన స్టీమర్, డెరెక్ కార్టీ ద బ్యాట్, దానికి స్టాట్‌కాస్ట్ కలిపిన ద బ్యాట్ ఎక్స్. బేస్‌బాల్ ప్రాస్పెక్టస్ వాళ్లది పెకోటా. మొదట నేట్ సిల్వర్ తయారుచేసింది. ఇవన్నీ పాత రికార్డు, ఈ ఏటి ఆట, వయసు, మైదానం కలిపి ఒక రేటు ఇస్తాయి.

వీటిలో ఏది మేలని గంటలు వాదించుకోవచ్చు. చాలామంది ఆటగాళ్లకు వాటి మధ్య తేడా చిన్నదే. రెండు మూడింటి సగటు తీసుకుంటే దాదాపు ఎప్పుడూ ఒక్కదాని కంటే మెరుగు. డెప్త్ చార్ట్స్ అనే పట్టిక జిప్స్, స్టీమర్ రేట్లను కలిపి, ఎవరికి ఎంత ఆట దొరుకుతుందో మనుషులు చేతితో వేసినది. ఒక్కటే వాడాలంటే దాన్నే వాడండి. ఆడే సమయం విషయంలో యంత్రం కంటే రోజూ జట్టు వార్తలు చదివే మనిషి నయం.

రెండు తప్పులు పదేపదే జరుగుతాయి. ఒకటి, ఒక పట్టికకు బదులు ఇంకో పట్టిక చూడటం. మిగిలిన ఆటలకు మాత్రమే చెప్పే పట్టిక వేరు, ఇప్పటిదాకా చేసినదానికి అది కలిపి సీజన్ చివరి మొత్తం చూపించే పట్టిక వేరు. రెండో దాన్ని చూసి ‘ఇతను ఇంకా 40 కొడతాడట’ అనుకుంటే అందులో 28 ఇప్పటికే కొట్టేసినవై ఉండొచ్చు. రెండోది ఇంకా లోతైనది. ప్రొజెక్షన్ వోబా .345 అంది, కానీ ఈ ఏడు బాగా ఆడుతున్నాడు కదా, .360 అనుకుందాం అని పెంచడం. ఆ బాగా ఆడటం .345లో ఇప్పటికే ఉంది. ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. పెంచాలంటే ప్రొజెక్షన్‌కు తెలియని సంగతి ఒకటి మీ చేతిలో ఉండాలి: కొత్త పిచ్, మారిన స్వింగ్, మానిన గాయం, మారిన జట్టు.

సొంతంగా వేసుకునే లెక్క

బేస్‌బాల్ గణాంక నిపుణుడు టామ్ టాంగో మార్సెల్ అనే పద్ధతి ఇచ్చాడు. కోతి కూడా వేయగలిగేంత తేలికైన ప్రొజెక్షన్ అని దానికి ఒక కోతి పేరు పెట్టాడు. అంతకంటే తక్కువ చేసేదేదీ ప్రొజెక్షన్ అనిపించుకోదని ఆయన ఉద్దేశం. బ్యాటర్లకు గత మూడేళ్లకు 5, 4, 3 బరువులు, పైన లీగు సగటుతో 1,200 ప్లేట్ అపియరెన్సులు. అది సీజన్ ముందు వేసేది. జులైకి కాస్త సర్దుకోవాలి: 5 బరువును ఈ ఏటి మొదటి సగానికి, 4 నిరుటికి, 3 ముందటేడుకు.

ఊహాత్మకంగా ఒక బ్యాటర్‌ను తీసుకుందాం. ఈ ఏడు 380 ప్లేట్ అపియరెన్సుల్లో వోబా .390. నిరుడు 600లో .330. ముందటేడు 550లో .325. లీగు సగటు .315.

ఈ ఏడు: 5 × 380 = 1,900; దాన్ని .390తో గుణిస్తే 741.
నిరుడు: 4 × 600 = 2,400; .330తో 792.
ముందటేడు: 3 × 550 = 1,650; .325తో 536.25.
లీగు సగటు: 1,200; .315తో 378.

బరువుల మొత్తం 7,150. లబ్ధాల మొత్తం 2,447.25. భాగిస్తే .342. మొదటి సగమంతా .390తో ఉతికేసినవాడి మీద పెట్టుకోవాల్సిన ఆశ .342. నిరుటి .330 కంటే మెరుగే, కానీ మీ లీగులో అవతలివాడు .390 చూసి ధర కడుతున్నాడు. అమ్మకానికి ఇంతకంటే మంచి సందు దొరకదు.

వయసు సవరణ కూడా టాంగోదే: 29 కంటే తక్కువైతే ఏడాదికి 0.6 శాతం కలపాలి, ఎక్కువైతే 0.3 శాతం తీసేయాలి. 24 ఏళ్లవాడైతే .342 మీద 3 శాతం, అంటే .352.

ఈ లెక్క ఎక్కడ చెడుతుందంటే రెండేళ్ల మేజర్ లీగ్ రికార్డు లేనివాళ్ల దగ్గర. కొత్తవాడికి ఇది దాదాపు లీగు సగటే అంటగడుతుంది. మైనర్ లీగు ఆటను తర్జుమా చేసుకునే జిప్స్, స్టీమర్‌లే వాళ్లకు దిక్కు. మైదానం తేడా కూడా ఇందులో లేదు. సముద్రమట్టానికి 5,200 అడుగుల ఎత్తున ఉన్న డెన్వర్ కూర్స్ ఫీల్డ్‌లో ఆడి వచ్చిన వోబాను అలాగే వేసుకుంటే మోసపోతారు.

పిచర్లకు వేరే కొలబద్ద

పిచర్ల విషయంలో ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఖాతాలో పడే పరుగులు) చూసి రెండో సగం ఈఆర్ఏ చెప్పబోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. బ్యాటర్ కొట్టి ఆటలోకి వచ్చిన బంతుల్లో హిట్ల శాతం, అంటే బాబిప్, పిచర్‌కు కుదురుకోవాలంటే 2,000 బంతులు ఆటలోకి రావాలి. అది మూడు నాలుగు సీజన్ల పని. హోమ్ రన్ శాతానికి 1,320 మంది బ్యాటర్లు. స్ట్రైకౌట్ శాతానికి 70 మంది చాలు, వాక్ శాతానికి 170.

అందుకే మొదట స్ట్రైకౌట్ శాతంలోంచి వాక్ శాతం తీసేసి చూడండి. 400 మంది బ్యాటర్లకు 110 స్ట్రైకౌట్లు, 30 వాక్‌లు అయితే 80ని 400తో భాగించి 20 శాతం. లీగు సగటు 14 శాతం దగ్గర తిరుగుతుంది. 20 అంటే బాగా మంచి పిచర్, ఈఆర్ఏ 4.50 ఉన్నా సరే. 8 శాతం ఉండి ఈఆర్ఏ 2.60 ఉన్నవాణ్ని ఈ వారమే అమ్మేయాలి. ఇంత చిన్న తీసివేత చాలా క్లిష్టమైన సూత్రాలతో పోటీపడుతుంది.

తర్వాతి మెట్టు ఫిప్, అంటే ఫీల్డర్ల పాత్ర తీసేసి పిచర్‌కు ఈఆర్ఏ లాంటి అంకె కట్టేది. హోమ్ రన్‌లను 13తో, వాక్‌లనూ ఒంటికి తగిలిన బంతులనూ కలిపి 3తో గుణించి కూడాలి. స్ట్రైకౌట్లను 2తో గుణించి తీసేయాలి. ఇన్నింగ్స్‌తో భాగించి, ఆ ఏటి స్థిరాంకం, సుమారు 3.10, కలపాలి. పై పిచర్‌కే 100 ఇన్నింగ్స్, 8 హోమ్ రన్‌లు, 4 ఒంటికి తగిలినవి అనుకుంటే 104, 102 కలిపి 206. అందులో 220 తీసేస్తే మైనస్ 14. 100తో భాగించి 3.10 కలిపితే 2.96. ఫిప్‌లో హోమ్ రన్‌ల అదృష్టం ఇంకా మిగిలే ఉంటుందని మరవొద్దు. దాన్ని కూడా లీగు సగటుకు లాగేది ఎక్స్‌ఫిప్.

2010లో కొలరాడో పిచర్ ఉబాల్డో హిమెనెజ్ 15 గెలుపులు, ఒక ఓటమి, 2.20 ఈఆర్ఏతో విరామానికి వెళ్లాడు. ముగించింది 19–8, 2.88. ఇంకో వైపు 2015లో చికాగో కబ్స్ పిచర్ జేక్ అరియెటా విరామం తర్వాత 0.75 ఈఆర్ఏతో ఆడాడు. దాన్ని ఏ పద్ధతీ ముందు చెప్పలేదు, చెప్పిన పద్ధతి ఏదైనా ఉంటే దాన్ని నమ్మకూడదు కూడా.

ఫాస్ట్‌బాల్ వేగం విడిగా చూడాలి. ఏప్రిల్ చలిలో కంటే జులై వేడిలో వేగం కాస్త పెరగడం మామూలు. పెరగాల్సిన కాలంలో ఒక మైలు తగ్గిందంటే భుజమో మోచెయ్యో సంగతి. వేడికి బంతి కూడా ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఏప్రిల్‌లో కంచె ముందు క్యాచ్‌గా చిక్కినవి ఆగస్టులో కంచె దాటతాయి. ఎత్తైన బంతులు ఎక్కువ ఇచ్చే పిచర్ ఏప్రిల్, మే అంకెలను కొంచెం అనుమానంగానే చూడండి.

ఎన్ని ఆటలు దొరుకుతాయి

రేటు విషయంలో ఎంత తెలివిగా లెక్కేసినా అసలు పెద్ద పొరపాట్లు ఇక్కడే పడతాయి. వోబాలో పది పాయింట్ల (.010) తప్పు కంటే మూడు వారాల గాయం ఖరీదెక్కువ. 2023లో షోహెయ్ ఓతానీ విరామానికి 32 హోమ్ రన్‌లు కొట్టాడు. ఆగస్టు 23న మోచేతి లిగమెంట్ చిరిగింది, సెప్టెంబరులో పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది, 44 దగ్గర ఆగిపోయాడు. ఇది ముందు చెప్పలేం. చెప్పగలిగేవి వేరే ఉన్నాయి.

లైనప్‌లో స్థానం ఒకటి. ఒక్కో మెట్టు కిందికి దిగితే ఆటకు సుమారు 0.11 ప్లేట్ అపియరెన్సు పోతుంది. రెండో స్థానం నుంచి ఆరుకు దిగినవాడికి 66 ఆటల్లో 29 తగ్గుతాయి. హోమ్ రన్ ఒకటో రెండో, పరుగులు అంతకంటే ఎక్కువ పోతాయి.

స్టార్టింగ్ పిచర్లకు (ఆట మొదలుపెట్టే పిచర్లకు) వంతులు లెక్కపెట్టండి. ఐదుగురి వరుసలో 66 ఆటలకు 13 స్టార్టులు, ఆరుగురైతే 11. చేతికి ఆపరేషన్ అయి తిరిగొచ్చినవాళ్ల విషయంలో ఇన్నింగ్స్ హద్దు చూసుకోవాలి. 2010లో ఆపరేషన్ అయిన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను వాషింగ్టన్ జట్టు 2012 సెప్టెంబరులో 159⅓ ఇన్నింగ్స్ దగ్గర ఆపేసింది. జట్టు ప్లేఆఫ్ పోటీలో ముందున్నా సరే. నిరుడు 70 ఇన్నింగ్స్ వేసినవాడు ఈ ఏడు విరామానికే 105 వేసి ఉంటే ప్రొజెక్షన్ పట్టిక ఇంకో 65 చూపినా మీరు 45 అనుకోండి.

జులై చివరి ట్రేడ్ గడువు (జట్లు ఆటగాళ్లను మార్చుకోవడానికి ఆఖరి రోజు) రెండు రకాలుగా తాకుతుంది. మైదానం మారుతుంది: 2025లో ఎవుహేనియో సువారెజ్ అరిజోనాలో 36 హోమ్ రన్‌లు కొట్టి, పిచర్లకు అనుకూలమైన సియాటిల్‌కు వెళ్లి, అక్కడ 13 కొట్టి 49తో ముగించాడు. పాత్ర కూడా మారుతుంది: ఓడిపోతున్న జట్టులో ఆట ముగించే క్లోజర్, గెలిచే జట్టుకు వెళ్లి ఎనిమిదో ఇన్నింగ్స్ వేసేవాడవుతాడు. సేవ్‌లు (ఆధిక్యం కాపాడి ఆట ముగించినందుకు దక్కే అంకె) ఒక్కసారిగా ఆగిపోతాయి. మీ క్లోజర్ అడుగున ఉన్న జట్టులో ఉంటే గడువుకు వారం ముందే అమ్మండి, అతని వెనక వేస్తున్నవాణ్ని చవగ్గా పట్టుకోండి. ఇందులో ఏ ప్రొజెక్షన్ సాయమూ అక్కర్లేదు.

మరి ఏది ఎంచుకోవాలి

మూడేళ్లకు పైగా రికార్డున్న బ్యాటర్ ఈ ఏడు చెలరేగినా చతికిలపడినా డెప్త్ చార్ట్స్ రేటు తీసుకుని అక్కడితో ఆగండి. స్ట్రైకౌట్ శాతమో బ్యాట్ వేగమో బాగా మారితేనే ఇంకా తవ్వండి. 25 లోపు వయసున్నవాడు, తొలి లేదా రెండో సీజన్ అయితే స్టాట్‌కాస్ట్‌కు బరువు పెంచండి, పాత రికార్డు తక్కువ కాబట్టి. పిచర్ అయితే స్ట్రైకౌట్–వాక్ తేడా, ఫాస్ట్‌బాల్ వేగం, ఇన్నింగ్స్ హద్దు, ఈ వరుసలో. సేవ్‌లకు ట్రేడ్ వార్తలు. పిచర్ గెలుపులను ఎవరూ సరిగ్గా చెప్పలేరు, దాని మీద సమయం పెట్టకండి. నంబర్లతో ఆడుకోవడం ఇష్టమున్నవాళ్లు మార్సెల్ లెక్కను స్ప్రెడ్‌షీట్‌లో వేసుకుంటే ఒక సాయంత్రం పని. సైటు ప్రొజెక్షన్‌కూ మీ అంకెకూ .015 కంటే ఎక్కువ తేడా ఉన్నవాళ్ల దగ్గర ఆగి ఎందుకో చూడండి. చాలాసార్లు అది మైదానం వల్లో వయసు వల్లో అయి ఉంటుంది.

ఎంత మంచి పద్ధతైనా ఎంత తప్పుతుందో తెలిసి ఉండాలి. నిజమైన ఆన్‌బేస్ శాతం .330 అని దేవుడే చెప్పినా, 280 ప్లేట్ అపియరెన్సుల్లో కేవలం యాదృచ్ఛికం వల్ల .302 నుంచి .358 మధ్య ఎక్కడైనా రావచ్చు. అది కూడా మూడింట రెండు సార్లే, మిగతా ఒక్కసారి ఆ హద్దులూ దాటుతుంది. ప్లేట్ అపియరెన్సుకు 5 శాతం చొప్పున హోమ్ రన్ కొట్టేవాడి నుంచి 14 ఆశించాలి, 10 నుంచి 18 దాకా వస్తే ఆశ్చర్యపడకూడదు. పక్కవాడి కంటే మీ అంచనా సగటున కొద్దిగా దగ్గరగా ఉంటే లీగు గెలవడానికి అది చాలు.

అందుకే మీ పద్ధతిని ఒకరిద్దరి మీద పరీక్షించొద్దు. విరామం రోజున యాభైమంది పేర్లు, ఒక్కొక్కరికి మీ వోబా అంచనా, సైటు అంచనా, మొదటి సగం అసలు అంకె ఒక పట్టికలో రాసి పెట్టుకోండి. సీజన్ ముగిశాక ప్రతి వరుసలోనూ వచ్చినదానికీ అంచనాకూ తేడాను గుర్తు వదిలేసి తీసుకుని, ఆడిన ప్లేట్ అపియరెన్సుల బరువుతో సగటు కట్టండి. మీ వరుస సైటు వరుస కంటే వెనకబడితే వచ్చే ఏడు సైటునే తీసుకోండి. ఆగస్టులో చోటు పోగొట్టుకున్నవాళ్లనూ గాయపడ్డవాళ్లనూ పట్టికలోంచి కొట్టేయకండి. చోటు పోయింది చాలామందికి సరిగా ఆడకపోవడం వల్లే కాబట్టి, వాళ్లను తీసేస్తే అతి ఆశావహమైన అంచనాలే గెలిచినట్టు కనిపిస్తాయి. ప్లేట్ అపియరెన్సులను విడిగా ఇంకో వరుసలో అంచనా వేసి పెట్టుకుంటే ఆ తప్పు ఎంత పెద్దదో కూడా తెలుస్తుంది.